బల్కంపేటలో నేర్చుకున్న ఒక్క మాట

అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగి మైత్రీవనం వైపు నాలుగడుగులు వేసి చూడండి. మీ చేతిలో కనీసం మూడు కరపత్రాలు పడతాయి. జావా, పైథాన్, డేటా సైన్స్... 'ఈరోజే ఉచిత డెమో' అంటూ పిలుపులు. వద్దన్నా వదలరు. నా నెరిసిన జుట్టు చూసి కూడా ఓ కుర్రాడు కాగితం అందించి, ''మీ పిల్లలకివ్వండి అంకుల్'' అన్నాడు. నాకు నవ్వొచ్చింది. పిల్ల నా పక్కనే ఉంది. ఆమెతోపాటు పుస్తకం పట్టుకుని క్లాసుకు వెళ్తున్నది నేనే! అదీ కంప్యూటరు క్లాసు కాదు, కొరియా భాష.

ఈ వయసులో కొరియా భాష ఏమిటని మీరు అడగొచ్చు. మా ఆవిడా అదే అడిగింది. దానికి జవాబు చెప్పాలంటే పాతికేళ్లు వెనక్కి వెళ్లాలి.

'వాడిలాగా నువ్వూ...'

నేను మొదటిసారి ఈ వీధిలో అడుగుపెట్టింది 1999లో. ఒంగోలు దగ్గర మా ఊరి నుంచి ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపు చుట్టతో వచ్చి దిగాను. అవి వైటూకే రోజులు. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్న పాత ప్రోగ్రాములు 2000 రాగానే తికమకపడతాయని ప్రపంచమంతా కంగారుపడుతున్న కాలం. వాటిని సరిచేయడానికి కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ తెలిసినవాళ్లు కావాలి. ఆంధ్రదేశంలో ఏ మూల డిగ్రీ చదివినవాడైనా రైలెక్కి అమీర్‌పేటకు రావాల్సిందే. సంజీవరెడ్డినగర్‌లో ఒకే గదిలో అయిదుగురం ఉండేవాళ్లం. పొద్దున క్లాసు, మధ్యాహ్నం జిరాక్స్ నోట్సు, రాత్రి కర్రీ పాయింట్ పప్పు.

అప్పట్లో ఆ వీధిలో ఆకాశం కనిపించేది కాదు, బ్యానర్లే కనిపించేవి. ఉద్యోగాలు వచ్చినవాళ్ల ఫొటోలు, పక్కన కంపెనీ పేర్లు. మా గదిలోని స్నేహితుడి ఫొటో ఒకరోజు ఆ బ్యానరు మీదికెక్కింది. నాది ఎక్కలేదు. వాడు అమెరికా వెళ్లాడు. నేను రెండేళ్లు ప్రయత్నించి, బల్కంపేటలో ఓ మందుల హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు రాయడానికి కుదిరాను. ఇల్లూ ఇక్కడే, పెళ్లీ ఇక్కడే.

''వాడిలాగా నువ్వూ కాస్త కష్టపడి ఉంటే...'' మా నాన్న ఆ మాట ఫోనులో అన్నారు, పండక్కి వెళ్తే అన్నారు, నా పెళ్లిచూపుల్లో కూడా అన్నారు. 'లాగా'... రెండక్షరాల మాట. దాని బరువెంతో మోసినవాళ్లకే తెలుసు. మోసిన బరువును ఎక్కడో దించేయాలి కదా! నేను మాత్రం దాన్ని జాగ్రత్తగా దాచి మా అమ్మాయి భుజాన పెట్టాను. 'పెదనాన్న కొడుకులాగా', 'పై పోర్షన్ వాళ్లమ్మాయిలాగా' అంటూ పదో తరగతి నుంచి రోజూ అదే పాట.

డిగ్రీ రెండో ఏడులో ఉండగా తను కొరియా భాష నేర్చుకుంటానంది. సీరియళ్లు చూసి చెడిపోయిందనుకున్నాను. ''మీ అన్నయ్యతో పోల్చుకో, వాడు ఎక్కడున్నాడో చూడు'' అని మొదలుపెట్టాను. పూర్తి కానివ్వలేదు. ''నన్ను వాళ్లతో పోల్చే బదులు ఒక్కసారి నాతో రావచ్చు కదా నాన్నా'' అంది. గొంతు పెంచలేదు. కోపంగానూ అనలేదు. అందుకే వెళ్లాను.

సందులో దుబాసీ పాఠం

మెయిన్ రోడ్డు మీది హడావుడి దాటి బల్కంపేట సందుల్లోకి మళ్లితే ఊరి వాతావరణమే. కిరాణా కొట్టు, ఇస్త్రీ బండి, మిర్చి బజ్జీల వాసన. ఓ ఇంటి రెండో అంతస్తులో క్లాసు. పదిహేను కుర్చీలు, ఒక తెల్లబోర్డు. 2020లో కరోనాతో పాఠాలు ఆన్‌లైన్‌లోకి వెళ్లాక అమీర్‌పేట రద్దీ తగ్గిందంటారు గానీ, ఇలాంటి చిన్న గదులు ఇంకా ఊపిరి పీలుస్తూనే ఉన్నాయి.

పాఠం చెప్పే అమ్మాయికి ముప్ఫై ఏళ్లుంటాయేమో. పెనుకొండ వైపు కొన్నాళ్లు దుబాసీగా పనిచేసిందట. అక్కడ ఎర్రమంచి దగ్గర ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యంతో కట్టిన కియా కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. కొరియా ఇంజినీర్లకూ రాయలసీమ కార్మికులకూ మధ్య మాట కలపడానికి మనుషులు కావాలి కదా! 2020 జాతీయ విద్యావిధానం కూడా హైస్కూల్లో నేర్పదగిన విదేశీ భాషల్లో కొరియాను పేర్కొంది. 'టోపిక్' అనే పరీక్ష ఉంటుందని, అందులో ఆరు స్థాయిలని, పై స్థాయిలు దాటితే చదువుకూ ఉద్యోగానికీ పనికొస్తుందని అప్పుడే తెలిసింది. మా అమ్మాయి ఇవన్నీ ముందే కనుక్కుంది. అడగనిది నేనే.

మొదటి రోజు గుమ్మం బయట నిలబడ్డాను. ''లోపల కూర్చోండి సార్, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి'' అంది టీచరు. అలా వెనక బెంచీ విద్యార్థినయ్యాను.

లిపి చూసి భయపడ్డాను గానీ, అది మన గుణింతానికి దూరపు చుట్టంలా అనిపించింది. హల్లు, అచ్చు కలిపి ఒకే గడిలో రాస్తారు. చివర ఇంకో హల్లుంటే మన ఒత్తులాగే కింద చేరుస్తారు. సేజోంగ్ అనే రాజు 1443లో ఈ లిపిని తయారుచేసి, 1446లో ప్రజలకు ప్రకటించాడు. అంతవరకూ వాళ్లకు చీనా లిపే దిక్కు. అది నేర్చుకునే తీరిక సామాన్యులకు ఎక్కడిది? అందుకే తేలిగ్గా వచ్చే అక్షరాలు చేయించాడట. అప్పుడు 28, ఇప్పుడు 24. ఏటా అక్టోబరు 9న దక్షిణ కొరియాలో అక్షరాలకు పండగ, సెలవు కూడా!

వాక్యమూ మనలాగే నడుస్తుంది. క్రియ చివర్లో వస్తుంది. 'తో', 'కి', 'లో' లాంటివి మాట వెనక చేరతాయి. పెద్దవాళ్లకు ఒక క్రియ, చిన్నవాళ్లకు ఒక క్రియ. అమ్మను 'ఒమ్మా' అంటారు. హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ ఈ పోలికలు చూసే, కొరియా భాషకూ మన ద్రావిడ భాషలకూ చుట్టరికం ఉందంటూ 1905లో ఓ పుస్తకమే రాశాడు. నేటి భాషావేత్తలు ఆ చుట్టరికాన్ని ఒప్పుకోరు. ఒప్పుకోకపోయినా, వెనక బెంచీలో కూర్చున్న నాకు మాత్రం ఆ పోలికే ధైర్యమిచ్చింది.

ఒకే మాట, రెండర్థాలు

మూడోవారంలో వచ్చింది ఆ మాట. 'గఛి'. మొదటి అక్షరం మన క, గ ల మధ్య పలుకుతుంది. రెండోది ఒత్తు ఛ. రాయడం మాత్రం 'గథ్'కు 'ఇ' చేర్చినట్టు రాస్తారు. థకారం 'ఇ' పక్కన పడేసరికి నోట్లో ఛకారమైపోతుంది. ఇదేం చోద్యమని నోరు తెరవకండి. మన 'సంధ్య' జనం నోట్లో 'సంజ' కాలేదూ? అక్కడ ధకారం యకారం పక్కన జకారమైంది. నాలుక పడే బద్ధకం ఏ దేశంలోనైనా ఒకటే!

అసలు విశేషం అర్థంలో ఉంది. 'గఛి' అంటే 'కలిసి'. 'గఛి' అంటే 'లాగా' కూడా. స్నేహితుణ్ని 'ఛింగు' అంటారు. 'ఛింగుగఛి' అంటే స్నేహితుడిలాగా. మధ్యలో 'తో' అనే అర్థమిచ్చే 'హగో' చేర్చి 'ఛింగుహగో గఛి' అంటే స్నేహితుడితో కలిసి. రెంటికీ మూలం 'సమానం, ఒకటే' అనే అర్థమున్న ధాతువు. 'వాన వచ్చేలా ఉంది' అనడానికీ దాన్నే వాడతారు. ఒట్టి పోలికకు 'ఛొరొమ్' అనీ, ఒట్టి తోడుకు 'హమ్‌కె' అనీ వేరే మాటలు లేకపోలేదు. కానీ రోజువారీ నోట్లో రెండు పనులూ చేసేది ఈ 'గఛి'.

''ఎవరితో వచ్చారో చెప్పండి సార్'' అని టీచరు నన్నడిగింది. కూతురిని 'తల్' అంటారు. నేను లేచి గర్వంగా, ''తల్‌గఛి వస్సొయో'' అన్నాను. క్షణం నిశ్శబ్దం. తర్వాత గదంతా నవ్వు. 'కూతురితో వచ్చాను' అనబోయి 'కూతురిలాగా వచ్చాను' అన్నానట! మా అమ్మాయి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వి, ''ఒక్క 'తో' మర్చిపోయావు నాన్నా'' అంది.

అందరూ నవ్వి మర్చిపోయారు. నేను మాత్రం ఆ రాత్రి చాలాసేపు పడుకోలేదు. మర్చిపోయింది ఆ ఒక్కరోజేనా?

వాళ్లకూ ఉన్నాడు పక్కింటబ్బాయి

మర్నాడు టీచరును అడిగాను, కొరియాలో కూడా పిల్లల్ని పోలుస్తారా అని. ఆమె నవ్వి బోర్డు మీద 'ఒంఛినా' అని రాసింది. 'ఒమ్మా ఛింగు ఆదుల్' అన్న మూడు మాటల పొట్టి రూపం. అంటే అమ్మ స్నేహితురాలి కొడుకు! చదువులో మొదటివాడు, అందగాడు, బుద్ధిమంతుడు. ప్రతి ఇంట్లోనూ పిల్లల తలమీద మొట్టడానికి ఆ అబ్బాయి సిద్ధంగా ఉంటాడు. 2024లో ఆ పేరుతోనే ఓ టీవీ సీరియల్ కూడా వచ్చింది. అక్కడ నవంబరులో జరిగే కాలేజీ ప్రవేశ పరీక్ష మన ఎంసెట్‌కు పెద్దన్న. ఇంగ్లీషు వినికిడి పరీక్ష జరిగేంతసేపు దేశంలో విమానాలు ఎగరవు, దిగవు. అంత పోటీ ఉన్నచోట పోలిక లేకుండా ఎలా ఉంటుంది?

అయినా ఆ భాష పోలికనూ తోడునూ ఒకే మాటలో పెట్టింది. మరి మన తెలుగు? ఆలోచిస్తే మనకూ ఉంది! 'వాడికి సాటి లేరు' అంటాం. అది పోలిక. 'సాటి మనిషి' అంటాం. అది తోడు. మాట ఒకటే. 'వాళ్లతో పోల్చకు' అనే 'తో', 'నాతో రా' అనే 'తో' కూడా ఒకటే. మా అమ్మాయి ఆ రోజు ఒకే వాక్యంలో రెండు 'తో'లూ పెట్టి నాకు పాఠం చెప్పింది. అది అర్థం కావడానికి నాకు కొరియాదాకా వెళ్లాల్సి వచ్చింది.

ఇద్దరు పక్కపక్కన నడిస్తే పోలిక కనబడక మానదు. ఎవరు పొడుగో, ఎవరు పొట్టో తెలిసిపోతుంది. అందులో తప్పులేదు. దూరంగా నిలబడి వేలు చూపిస్తూ పోల్చినప్పుడే అది గుచ్చుకుంటుంది. మా నాన్న నాతో అమీర్‌పేట ఒక్కసారి వచ్చి, ఆ గదిలో ఒక్కరాత్రి పడుకుని ఉంటే, 'వాడిలాగా' అని ఉండేవారు కాదేమో. ఇప్పుడు అడుగుదామన్నా ఆయన లేరు.

ఎల్లమ్మ గుడి దాకా

క్లాసు అయ్యాక మంగళవారాల్లో ఇద్దరం ఎల్లమ్మ గుడికి వెళ్తాం. బల్కంపేటకు వచ్చి ఆ తల్లిని చూడకుండా వెళ్లేవాళ్లు తక్కువ. అమ్మవారి మూలవిరాట్టు నేలకు సుమారు పదడుగుల దిగువన, బావిలో ఉంటుంది. ఆ నీళ్లే తీర్థం. ఆషాఢంలో తొలి మంగళవారం కల్యాణం, మర్నాడు రథోత్సవం. ఆ రోజుల్లో ఈ దారుల్లో ఇసుకేస్తే రాలదు.

మామూలు మంగళవారమైనా వరస పొడుగ్గానే ఉంటుంది. మెడలో కంపెనీ ట్యాగు తీయని కుర్రాడు, అతని వెనక పూలబుట్ట దించని ముసలమ్మ, వాళ్ల వెనక ఉద్యోగం రాని ఇంకెవరో. పొద్దుటి నుంచీ పక్కవీధిలో మార్కులూ ప్యాకేజీలూ కొలుచుకున్నవాళ్లే సాయంత్రానికి ఇక్కడ ఒకరి వెనక ఒకరు నిలబడతారు. అందరికంటే దిగువన ఉన్న తల్లిని చూడటానికి అందరూ వచ్చినవాళ్లే.

కొరియాలో 'గఛి' అని పలికే మాట ఇంకోటి ఉంది. రాత వేరు, పలుకు ఒకటే. దానికి అర్థం 'విలువ'. ఈ రెంటికీ సంబంధం లేదని టీచరు గట్టిగా చెప్పింది. నేను ఒప్పుకున్నాను. నోట్సులో మాత్రం పక్కపక్కనే రాసుకున్నాను.

మా అమ్మాయి టోపిక్ పాసవుతుందో లేదో, ఉద్యోగం వస్తుందో లేదో నాకు తెలియదు. అప్పుడప్పుడు 'లాగా' నాలుక చివరిదాకా వస్తూనే ఉంది. పాతికేళ్ల అలవాటు మరి. మొన్న గుడి నుంచి వస్తుంటే జనంలో తను ముందుకెళ్లిపోయింది. నా మోకాళ్లు సాగలేదు. పేరు పెట్టి పిలిస్తే వినబడదని, క్లాసులో నేర్చుకున్న మాటే గట్టిగా అన్నాను. ''గఛి గయో!'' కలిసి వెళ్దాం, ఆగు అని.

పక్కన పూలమ్మే ఆవిడ వింతగా చూసింది. అమ్మాయి మాత్రం వెంటనే ఆగింది.