బోరింగు దగ్గర ఫ్యూరియోసా

కుర్చీ ఇలా దగ్గరికి లాక్కోండి. ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకూడదు. మీ ఇంట్లో వరసగా పదిహేను రోజులు కరెంటు లేదనుకోండి. ముందు ఎవరి నడుం పడిపోతుంది? జవాబు నాకు చెప్పక్కర్లేదు. వంటింటి వైపు ఓసారి చూడండి, చాలు.

ఈ ప్రశ్న ఎందుకు పుట్టిందంటే, ఈమధ్య వరసబెట్టి లోకం మునిగిపోయే సినిమాలు చూశాను. ఆ మునగడం మీద నాకంత ఆసక్తి లేదు. మునిగాక మిగిలినవాళ్లు ఎలా బతికారన్నదే నాకు కావాలి. కరెంటుండదు, పెట్రోలుండదు, ప్రభుత్వం జాడ ఉండదు. ఇవన్నీ ఫోనులో పెట్టి చూపించేది మా మేనల్లుడు. యంత్రాల్ని నమ్ముకున్న మనిషి గతి ఏమవుతుందో చూడత్తా అంటాడు. ఛార్జింగు పాతిక శాతానికి దిగిందంటే మాత్రం సినిమా మధ్యలో ఆపేసి, వైరు కోసం ఇల్లంతా వెతుకుతాడు.

ఇదివరకు ఈ కథల్లో తుపాకీ పట్టిన మగవాడొకడు, వాడి వెనకాల బిక్కుబిక్కుమంటూ ఓ ఆడమనిషీ ఉండేవారు. ఇప్పుడు వరస మారింది. 2015లో వచ్చిన ‘ఇన్‌టు ద ఫారెస్ట్’ చూడండి. జీన్ హెగ్లండ్ 1996లో రాసిన నవలని కెనడా దర్శకురాలు పట్రీషియా రోజెమా సినిమాగా తీసింది. అడవి మధ్య ఒక అందమైన ఇల్లు, తండ్రి, ఇద్దరు ఆడపిల్లలు. నెల్ పరీక్షలకి చదువుకుంటూ ఉంటుంది, ఈవా నాట్యం సాధన చేస్తూ ఉంటుంది. ఒకరోజు కరెంటు పోతుంది. పోయింది మరి రాదు. ఎందుకు పోయిందో సినిమా చెప్పదు, అది నాకు నచ్చింది. మన లైనుమేను మాత్రం ఎప్పుడు చెప్పాడు కనక!

కట్టెలు కొయ్యబోయి మిషను రంపం తగిలి తండ్రి చనిపోతాడు. ఇంట్లో మిగిలినది ఒక డబ్బా పెట్రోలు. జనరేటరు ఒక్కసారి వేస్తే పాట పెట్టుకుని తనివితీరా ఆడుకుంటానని ఈవా, అవసరానికి దాచాలని నెల్. ఆ డబ్బా దగ్గర అక్కచెల్లెళ్లు పడే గొడవ కోసమైనా ఈ సినిమా చూడాలి. పాట లేక, టిక్కు టిక్కుమని తాళం కొట్టే చిన్న పరికరం పెట్టుకుని, దాని లెక్కకే ఆడుతుందా పిల్ల. తర్వాత ఒక మగవాడు వచ్చి ఈవా మీద అఘాయిత్యం చేస్తాడు. కడుపు వస్తుంది. ఉంచుకుంటానంటుంది. గర్భిణికి బలం కావాలని నెల్ అడవిపందిని కొట్టి తెస్తుంది. ఏ ఆకు తినొచ్చో, ఏది తినకూడదో పుస్తకం చూసి నేర్చుకుంటుంది. చివరికి బిడ్డ పుట్టాక, నానిపోయి కూలడానికి సిద్ధంగా ఉన్న ఆ ఇంటికి తామే నిప్పు పెట్టి, ఒక మహావృక్షం మోడు తొర్రలోకి కాపురం మారుస్తారు.

దీన్ని ఆడదాని విడుదలకి గుర్తుగా చదవడం ఏమంత కష్టం కాదు. ఇల్లంటే తండ్రి నీడ, చెట్టు తొర్రంటే అమ్మ కడుపు, ఆ నిప్పేమో పాత నాగరికతకి కొరివి. బాగానే ఉంది. కానీ ఈ ముగింపుని ఉద్దానంలో మా అప్పకి చెబితే మూతి ముప్పై వంకర్లు తిప్పింది. “కొంప కూలిపోతే బాదపడతారు గానీ, నిలబడ్డ కొంపకి అగ్గెట్టుకుంటారేటే ఎవులైనా?”

అప్పకి ఆ మాట అనే హక్కుంది. మా వైపు అక్టోబరు నెల ఎలాంటిదో మీకు తెలుసు. 2013 అక్టోబరు 12న ఫైలిన్. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్. విశాఖతో పాటు విజయనగరం జిల్లానీ చీకట్లో పడేసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ, గంటకి 140, 150 కిలోమీటర్ల గాలితో పలాస దగ్గర తీరం దాటింది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో కొబ్బరిచెట్లు వేళ్లతో లేచి పడ్డాయి. కొబ్బరి మొక్క నాటితే ఆరేడేళ్లకి గానీ కాపుకి రాదు. జీడితోటలూ పోయాయి. పలాస ఫ్యాక్టరీల్లో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లకి అది కూలి పోవడం. చేతికి ఎంత నూనె, బూడిద రాసుకున్నా ఆ పిక్క రసం వేళ్లని కాల్చి నల్లగా చేస్తుంది. ఆ వేళ్లకి కూడా పని లేకుండా పోయింది. వెనకే వంశధార వరద.

కరెంటు స్తంభాలు నేలమట్టమయ్యాయి. అప్ప చెప్పిన మాటలు అలాగే రాస్తున్నాను. “దీపం నేకపోతే పెందరాడే తొంగుంటాం, దాన్దేటి? నీళ్లమాటేటే? టేంకు నిండాలంటే మోటారు, మోటారుకి కరెంటు. పోనీ నూతిలో బిందె దింపుదుమంటే గిలకేదీ? ఇనపసామాన్లోడికి ఎప్పుడో ఏసీసినాం.”

ఆ గిలక దగ్గర నేను ఆగిపోయాను. ఆధునిక జీవితం మీద ఆధారపడటం గురించి ఎంతమంది ఎన్ని పుస్తకాలు రాశారో! మా అప్ప ఒక్క గిలకతో తేల్చేసింది. మోటారు వచ్చిన రోజు గిలక దండగ. దండగైనది పాత ఇనుములోకి వెళుతుంది. మోటారు పోయిన రోజు వెనక్కి వెళ్లడానికి దారుండదు. ఇక మిగిలింది వీధి చివర బోరింగు. దాని ముందు బిందెల వరస, ఆ వరసలో నిలబడ్డది అందరూ ఆడవాళ్లే. బోరింగు కొట్టి, బిందె నడుమున పెట్టుకుని వచ్చి, మిక్సీ మూగబోయింది కనక రోట్లో పప్పు రుబ్బి, తడికట్టెలు ఊది వంట చెయ్యడం. “మొదట్రోజు బాగానే రుబ్బీసినాను, మూడో రోజుకి సెయ్యి నేవనేదు” అంది.

“మరి బావేం చేశాడప్పా?”

“ఫోను సార్జింగెట్టడానికి ఎల్లినాడు. సీకటడ్డాక వొచ్చినాడు.”

బావని వెక్కిరించడం కాదు గానీ, ఆ సమయానికి ఊళ్లో ఉన్నాడు, అదే గొప్ప. మా జిల్లాల్లో చాలా ఇళ్లలో మగవాళ్లు చెన్నైలోనో, హైదరాబాదులోనో, గుజరాత్ రేవుల్లోనో ఉంటారు. తిత్లీ వచ్చిన మరుసటి నెలలోనే గుజరాత్ నుంచి వేటకెళ్లిన మన మత్స్యకారులు పాకిస్తాన్‌కి చిక్కారు. 2020 జనవరిలో గానీ ఇంటికి చేరలేదు. 2025లో వచ్చిన ‘తండేల్’ ఆ కథే. మగవాళ్లు లేని ఊళ్లో ఆడవాళ్లు సంసారం నడపడం హాలీవుడ్‌కి ఊహ. ఎచ్చెర్ల తీరంలో అది ఏటా జరిగే సంగతే.

ఇంకొకటి. ఈ సినిమాల్లో డయాలసిస్ మీదున్నవాళ్లు ఒక్కరూ కనపడరు, గమనించారా? ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. వారానికి రెండుమూడుసార్లు మిషను మీద పడుకుంటే గానీ బతుకు గడవని మనుషులున్న నేల ఇది. వాళ్లకి కరెంటు సుఖం కాదు, ఊపిరి. హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి మంచినీళ్లు తెచ్చే పథకాన్నీ, పలాసలో కిడ్నీ ఆసుపత్రినీ 2023 డిసెంబరులో ప్రారంభించారు. గొట్టం, పంపు, మిషను. వీటిని వదిలేసి అడవికి పోదామని ఉద్దానంలో ఎవరికైనా చెప్పి చూడండి.

అడవి మాటొచ్చింది కాబట్టి, సీతంపేట కొండల్లో సవర ఆడవాళ్లని తలుచుకోవాలి. మామిడి టెంకల్లో పప్పు తీసి, పారే నీళ్లలో వగరు పోయేదాకా నానబెట్టి, పిండిచేసి అంబలి కాస్తారు. ఎన్నాళ్లు నానాలో, ఏ రంగుకి వస్తే తీయాలో వాళ్ల చేతికి తెలుసు. నెల్ పుస్తకం తిరగేసి నేర్చుకున్నది ఇక్కడ అమ్మ దగ్గర కూతురు చూసి నేర్చుకుంటుంది. ఆ తెలివికి దండం పెడతాను. అయితే ఆ అంబలి వానాకాలం గింజ నిండుకున్నప్పటి తిండి. టెంకంబలి తాగే పిల్ల బియ్యం కావాలనుకుంటుంది, తాగని మనం దాన్ని ప్రకృతి ఆహారం అంటాం.

అందుకే నాకు అడవి సినిమా ముగింపు మింగుడుపడలేదు. యంత్రం మీద ఆధారపడ్డాం, తప్పే. కానీ యంత్రం లేనప్పుడు లోకం మొత్తం ఎవరి మీద ఆధారపడిందో కూడా అడగాలి కదా? మోటారు, మిక్సీ, గ్యాసు పొయ్యి వచ్చి ఆడదాని రెక్కల మీదున్న బరువుని కొంచెం దించాయి. అవి పోతే ఆ బరువు మళ్లీ ఎక్కేది ఎవరి మీదో అప్పని అడిగితే చెబుతుంది.

మన తెలుగులోనూ ఇలాంటి సినిమా వచ్చిందిగా, 2024లో ‘కల్కి 2898 ఏడీ’. నాగ్ అశ్విన్ ఊహించిన కాశీలో నీళ్లు లేవు, పచ్చదనం లేదు. ఉన్నదంతా కాంప్లెక్స్ అనే తలకిందుల గోపురంలో దాచేశారు. అందులో బందీలైన ఆడవాళ్లకి పేర్లు కూడా ఉండవు. గర్భాలు మోయించి, ఆ గర్భాల్లోంచి ఒక పెద్దమనిషికి ఆయుష్షు పిండుకుంటారు. ఊహ గట్టిది. ఆడదాని కడుపుని కర్మాగారం చేసిన లోకాన్ని ఇంత సూటిగా మన తెర మీద చూపించిన సినిమా నాకు గుర్తులేదు. అయితే దీపికా పడుకోన్ పాత్ర బయటపడ్డ దగ్గర్నుంచి ఆమెని కాపాడే వీరుల పోరే సినిమా అయిపోయింది. ఆమెకి ఏం కావాలో ఎవరూ పెద్దగా అడగరు. మనకిది అలవాటే లెండి. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి పండగ చూడండి. అమ్మ ఆడబిడ్డ, రాజుగారి చెల్లెలంటారు. సిరిమాను మీద కూర్చుని ఊరేగేది మాత్రం పూజారి. భక్తికి నేను అడ్డు చెప్పను, ఏటా అరటిపండు విసిరేదాన్నే.

అడవి సినిమా వచ్చిన 2015లోనే వచ్చిన జార్జ్ మిల్లర్ సినిమా ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’ నా మనసుకి పట్టింది. పేరు మగవాడిది, కథ ఫ్యూరియోసాది. ఇమ్మోర్టన్ జో అనే దుర్మార్గుడు కొండ మీద కూర్చుని పంపులన్నీ తన గుప్పిట్లో పెట్టుకుంటాడు. కింద దాహంతో చస్తున్న జనానికి గడియసేపు నీళ్లు వదిలి, కట్టేసి, నీళ్లకి బానిసలు కావద్దని ఉపదేశం చేస్తాడు. మన గిరీశానికి నీళ్ల ట్యాంకు అప్పగించినా ఇలాంటి ఉపన్యాసమే దంచేవాడు. అక్కడ బాలింతల పాలు కూడా సరుకే. ఫ్యూరియోసా ఆ జో భార్యల్ని తప్పించి పచ్చని చోటుకి తీసుకుపోదామనుకుంటుంది. తీరా వెళితే ఆ చోటు బురదై పోయింది. మిగిలిందల్లా కొందరు ముసలమ్మలు, వాళ్లలో ఒకావిడ సంచిలో విత్తనాలు. మా అమ్మమ్మ బూడిదలో కలిపి కుండలో దాచిన చోడిగింజలు గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు. అప్పుడు వాళ్లు ఏం చేశారు? అడవికి పోలేదు, ఎడారి దాటీ పోలేదు. బండి వెనక్కి తిప్పారు. జోని చంపి, ఆ కొండే ఎక్కారు. పాలు పిండించుకున్న ఆ తల్లులే పైనుంచి నీళ్లు వదిలారు.

పంపుల్ని తగలబెట్టలేదు, చేతిలోకి తీసుకున్నారు. నాకు కావలసిన సినిమా ఇది.

సోంపేట బీల గుర్తుందా? థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని చిత్తడి నేలకి కాపలా కాసిన జనంలో ఆడవాళ్లు ముందు వరసలో ఉన్నారు. 2010 జులై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. కరెంటు వాళ్లకి అక్కర్లేదా? కావాలి. ఆ కరెంటు కోసం తమ నీళ్లు, చేపలు, పొలం ఇచ్చెయ్యమంటేనే కుదరదన్నారు. ఆ కేంద్రం అక్కడ కట్టలేదు. బీల ఇప్పటికీ బీలగానే ఉంది.

చూడదలుచుకుంటే ముందు ‘ఫ్యూరీ రోడ్’ చూడండి, ఎంత పెద్ద తెర దొరికితే అంత మంచిది. అడవి సినిమా తర్వాత, ఇంట్లో మగపిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని. అయ్యాక వాళ్లచేత ఓ డ్రమ్ము నీళ్లు పట్టించండి. ఏం చూసినా సెప్టెంబరులోగా చూసెయ్యండి. ఆ పైన కరెంటుకి నేను పూచీ కాదు.