సింబా ఎందుకు ఇంటికి రాలేదు?

2019లో తెలుగులో వచ్చిన ‘ది లయన్ కింగ్’ మన తిరుమలగిరి సండే స్కూల్ పిల్లలకు బాగా తెలుసు. సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు గొంతు ఇచ్చారు. (పుంబాగా బ్రహ్మానందం గారి సంగతి చెప్పనక్కర్లేదు!) ముఫాసాను చంపింది స్కార్. నేరం మాత్రం పసివాడైన సింబా మీద మోపి, తరిమేశాడు. ఆ అబద్ధం నమ్మి సింబా ఏళ్ల తరబడి ఇంటి ముఖం చూడలేదు. ప్రకటన 12:10లో సాతాను చేసే పని కూడా ఇదే. మన సంఘంలో కొందరు యౌవనులు ఈ సిగ్గుతోనే మందిరానికి రావడం మానేశారు.

అయితే సింబా నిర్దోషి. లూకా 15లోని చిన్న కుమారుడు నిజంగానే ఆస్తి తగలేశాడు, అయినా తండ్రే ఎదురు పరుగెత్తాడు. మేఘాల్లోని ముఫాసా కౌగిలించుకోలేడు. ఈ తండ్రి కౌగిలించుకున్నాడు.

ఈ వారం ఆ యౌవనుల ఇళ్లకు వెళ్తున్నాం. ఎందుకు రావట్లేదని ఎవరం అడగం.