గుట్ట దగ్గర ప్లాటు: తిరిగి కొనేదెవరు?

అమెరికాలో తెలుగువాళ్ల సభ ఎక్కడ జరిగినా పక్క హాల్లో రియల్ ఎస్టేట్ స్టాళ్లు ఉంటాయి. వాటిలో యాదగిరిగుట్ట ఊసులేని వరస దొరకడం కష్టం. పైన గోపురం ఫోటో, కింద నూట యాభై, రెండొందల గజాల గళ్లు గీసిన లేఅవుట్, పక్కన వరంగల్ హైవేకి ఇన్ని నిమిషాలన్న లెక్క. మనవాళ్లు గజం ఎంత అని అడుగుతారు, డీటీసీపీ అప్రూవల్ ఉందా అని అడుగుతారు, ఈస్ట్ ఫేసింగ్ మిగిలిందా అని తప్పకుండా అడుగుతారు. రేపు అవసరం పడి అమ్మబోతే కొనేదెవరని మాత్రం ఎవరూ అడగరు. గుట్ట చుట్టుపక్కల ప్రవాసులు ప్లాటు కొనాలా వద్దా అన్నది ఆ ప్రశ్నకు దొరికే జవాబును బట్టే ఉండాలని నేనంటాను.

గుట్టకు గిరాకీ ఎలా వచ్చిందో చూడండి. 2015లో ఆలయాభివృద్ధి సంస్థ ఏర్పడింది, 2016 అక్టోబరులో యాదాద్రి భువనగిరి జిల్లా అయింది, 2022 మార్చి 28న పునర్నిర్మించిన ఆలయం తెరుచుకుంది. ఒక్కో మెట్టుకూ ఒక కొత్త బ్రోచర్ వచ్చింది. భక్తులు పెరిగిన మాట నిజమే. కానీ హైదరాబాద్ అరవై కిలోమీటర్ల దూరమే కాబట్టి చాలామంది పొద్దున బయల్దేరి, దర్శనం చేసుకుని, ప్రసాదం కట్టించుకుని, చీకటి పడేలోపు ఇల్లు చేరతారు. వాళ్లకు కావాల్సింది పార్కింగు, హోటలు, ఒక్కోసారి ఓ గది. ఇల్లు కాదు. ఇళ్ల స్థలానికి నిలకడైన ధర రావాలంటే ఆ ఊళ్లో నెల జీతం తెచ్చుకునేవాళ్లు, పిల్లల్ని బడికి పంపేవాళ్లు పెరగాలి. జిల్లాలోకి వచ్చిన పెద్ద సంస్థ ఎయిమ్స్, అదేమో బీబీనగర్‌లో, గుట్టకంటే హైదరాబాద్‌కు దగ్గరగా ఉంది. అందుకే ఆలేరు, తుర్కపల్లి దారుల్లో కొన్ని వెంచర్లు ఏళ్లయినా ఒకేలా కనిపిస్తాయి: రంగు వెలిసిన ఆర్చి, గడ్డిలో మునిగిన నంబరు రాళ్లు, తీగ ఊడిన కడీలు, ఎక్కడో ఒక మూల వాచ్‌మన్ గది. అక్కడ కొన్నవాళ్లలో ఎక్కువమంది ఉండటానికి కొనలేదు, అమ్మడానికే కొన్నారు. అందరూ అమ్మేవాళ్లే అయిన చోట ధర చెప్పడానికే తప్ప చేతికి రాదు.

ఇది నా అనుమానమో వాస్తవమో తేల్చుకునే దారి ఉంది. ఈసీని (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌ని) మనం మన ప్లాటు మీద అప్పులు, తనఖాలు ఉన్నాయా అని చూడటానికే తీస్తాం. అదే సర్వే నంబర్లో చుట్టూ ఉన్న ప్లాట్లకూ తీసి చూడండి. కంపెనీ నుంచి కొనుగోలుదారుకు జరిగిన రిజిస్ట్రేషన్లు బోలెడు కనిపిస్తాయి. కొన్నవాళ్ల నుంచి మరొకరికి జరిగినవి ఎన్ని? నాలుగైదేళ్ల వెంచర్లో అవి వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉంటే అక్కడ కంపెనీ మార్కెటింగ్ ఉందిగానీ మార్కెట్ లేదు. రిజిస్ట్రేషన్ విలువ అసలు ధరకంటే తక్కువ చూపిస్తారు కదా, ఈసీని నమ్మేదెలా అని అడగొచ్చు. ధర కోసం నమ్మొద్దు. చేతులు మారాయా లేదా అన్నంతవరకు అది నిజమే చెబుతుంది.

రీజినల్ రింగ్ రోడ్డు వస్తోంది, ఎంఎంటీఎస్ వస్తోంది, అప్పుడు చూడండంటారు. ఎంఎంటీఎస్‌ను ఘట్‌కేసర్ దాటించి గుట్ట వరకు తెస్తామన్న మాట దాదాపు పదేళ్లది. రింగ్ రోడ్డు ఉత్తర భాగం సంగారెడ్డి నుంచి చౌటుప్పల్ దాకా దాదాపు 158 కిలోమీటర్లు, ఈ జిల్లా మీదుగానే వెళ్తుంది. కానీ అలాంటి రోడ్డు మీదికి ఇంటర్‌ఛేంజ్ ఉన్న చోటే ఎక్కగలం, పక్కనే ప్లాటున్నంత మాత్రాన దారి దొరకదు. ఇంకో సంగతి, రోడ్డు పక్కన పడటం వేరు, రోడ్డు కింద పడటం వేరు. రింగ్ రోడ్డుకు భూములు పోతాయని రాయగిరి రైతులు రోడ్డెక్కిన సంగతి ఒకసారి గుర్తు చేసుకుంటే భూసేకరణ సర్వే నంబర్ల జాబితా చూడకుండా బయానా ఇవ్వరు. పైగా రోడ్డు వస్తుందన్న ధర ఇప్పటికే గజానికి కలిపి అడుగుతున్నారు. రాబోయే లాభంలో పెద్ద వాటా ముందే అమ్మేవాడి జేబులోకి పోతుంది.

కొనేవాడు దొరికినా ప్రవాసికి అమ్మకం స్థానికుడి అమ్మకంలా ఉండదు. పన్నే చూడండి. 35 లక్షలకు కొన్న ప్లాటు రెండేళ్లు దాటాక 40 లక్షలకు పోయిందనుకుందాం. 2024 జులై 23 నుంచి జరిగే అమ్మకాలకు దీర్ఘకాల లాభం మీద పన్ను 12.5 శాతం. పాత పద్ధతిలో ఇండెక్సేషన్‌తో 20 శాతం ఎంచుకునే వెసులుబాటు స్థానికులకే ఉంచారు, మనకు లేదు. లాభం ఐదు లక్షలు, పన్ను అరవై రెండు వేల అయిదొందలు, ఆపైన సెస్సు. కానీ మన లాభం ఎంతో కొనేవాడికి తెలియదు కాబట్టి సాధారణంగా మొత్తం ధర మీద కోస్తాడు. అంటే ఐదు లక్షలు, ఆపైన సెస్సు. ముందే ఆదాయపన్ను శాఖ నుంచి తక్కువ కోతకు సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే ఆ డబ్బు రిటర్ను వేసి, రిఫండు వచ్చేదాకా ఇరుక్కుంటుంది. పక్క ప్లాటు స్థానికుడిదైతే 50 లక్షల లోపు కొనేవాడు ఏమీ కోయనక్కర్లేదు. ఒకే ధరకు రెండు ప్లాట్లుంటే ఈ తంటా లేని ప్లాటే ముందు పోతుంది. ఇక కొంత చెక్కు, కొంత నగదు అనే బేరం చట్టవిరుద్ధమే కాదు, ఆ నగదు మనం ఇక్కడికి తెచ్చుకోలేం కూడా.

కాగితాల్లో లోపముంటే ప్లాటు అసలు అమ్ముడే పోకపోవచ్చు. 2020 ఆగస్టు 26న అనుమతి లేని లేఅవుట్ల రిజిస్ట్రేషన్లకు ప్రభుత్వం బ్రేకు వేసినప్పుడు పంచాయతీ లేఅవుట్లలో కొన్నవాళ్లు ఒక్కరోజులో అమ్మలేని ఆస్తికి యజమానులయ్యారు. అలాంటి ప్లాట్లను క్రమబద్ధం చేసే ఎల్‌ఆర్‌ఎస్ దరఖాస్తులు ఆ తర్వాత ఏళ్లకేళ్లు నడిచాయి. గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్లయితే మన విషయంలో మొదటికే మోసం. వ్యవసాయ భూమిని వారసత్వంగా పొందొచ్చుగానీ ఎన్‌ఆర్‌ఐ, ఓసీఐ ఎవరూ కొనడానికి ఫెమా ఒప్పుకోదు. అన్న పేరు మీద రాయించుకోండని స్టాల్లోనే సలహా ఇస్తారు. మన డబ్బుతో అన్న ఒక్కడి పేరు మీద కొంటే బినామీ చట్టం కిందికి వస్తుంది. అన్నదమ్ముల మధ్య వచ్చే చిక్కుల సంగతి చెప్పనక్కర్లేదు.

నరసింహస్వామి పాదాల దగ్గర కాస్త చోటు ఉండాలని కొనేవాళ్లకు ఈ లెక్కలు పట్టవు, పట్టాల్సిన పనీ లేదు. రిటైరయ్యాక అక్కడే ఉంటామనేవాళ్లు ఊళ్లోనే, నీళ్లూ దారీ ఇరుగూపొరుగూ ఉన్న చోట కొనుక్కుంటే ఎవరూ కాదనరు. నా అభ్యంతరమల్లా దాన్ని పిల్లల చదువు డబ్బుగానో ఇంటి డౌన్ పేమెంటుగానో లెక్కేసుకోవడం మీదే. అలా లెక్కేసేవాళ్లు బయానా ఇచ్చేముందు ఒక పని చేయండి. గుట్టలో కంపెనీకి సంబంధం లేని బ్రోకరుకు ఫోన్ చేసి, అదే వెంచర్లో మీకో ప్లాటుంది, ఈ నెలలో అమ్మాలి, ఎంతకు పోతుందని అడగండి. అతను చెప్పిన ధరకు, స్టాల్లో అడిగిన ధరకు తేడా చూశాక కూడా కొనాలనిపిస్తే అప్పుడు కొనండి.