కందెన

కందెన అన్న మాట నిఘంటువులలో భద్రంగానే ఉంది కాని, నోళ్ళలో వినబడటం అరుదైపోయింది. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి వెదురు గొట్టంలో పోసి బండి కింద వేలాడదీసేవారు. ఇరుసు కిర్రుమన్నప్పుడల్లా కాస్త పూసేవారు. ఆ మాటతో నాకు మళ్ళీ పని పడింది మొన్న డిసెంబరులో, ఒక గేర్ల సైకిలు మూలంగా.

మా పక్కింటి అమ్మాయి చేవెళ్ళలో ఇంటరు చదువుతున్నది. 2023 డిసెంబరు నుండి మన రాష్ట్రంలో ఆడవారికి బస్సు ఉచితమే. అయితే ప్రయోగశాల ఉన్న రోజున దాని వేళలూ బస్సు వేళలూ కలవవు. సైకిలుంటే తన వేళ తనది. సెలవునాడు నగరం నుండి మర్రిచెట్ల కింద బీజాపూరు రోడ్డున సైకిళ్ళు తొక్కుతూ వచ్చేవారిని మీరు చూసే ఉంటారు. అటువంటివారొకరు వాడి మానేసిన సైకిలు, వెనుక ఏడు గేర్లది, చేతులు మారి ఈ పిల్లకు చేరింది.

"తాతా, పొద్దుగాల గేరు పడ్తలేదు. లివరు ఉత్తగనే కదుల్తది. మాపటికల్ల మంచిగనే పడ్తది" అన్నది ఒకనాడు.

ఎత్తు ఎక్కేటప్పుడు గేరు పడకపోతే పిల్ల తల వంచి లివరు వంక చూస్తుంది. వెనుక నుండి లారీ వస్తుంటుంది. వాళ్ళ నాన్న భయం అదే. ఇంకోసారి ఇట్లా అయితే సైకిలు అమ్మేస్తానన్నాడు. దుకాణంలో అడిగితే "లివరు పోయింది బిడ్డా, కొత్తది ఏయాలె. గీ మాడలు దొరకది, ఎనక సెట్టు గూడ మార్చాలె" అన్నారట. విప్పి చూడలేదు. వారిని తప్పుపట్టను. గంటసేపు కూర్చుని తుడిస్తే ఎవరు ఎంత ఇస్తారు? విశ్రాంత ఉపాధ్యాయుడికి గంటలకేమి కొదవ!

నన్ను ఆలోచింపజేసింది ఆ పిల్ల మాటలోని "పొద్దుగాల, మాపటికి" అన్న భేదం. అరిగిపోయిన పన్ను ఉదయం అరిగి సాయంత్రం మొలవదు కదా! మా వైపు శీతకాలపు తెల్లవారుజామున చలి 10, 12 డిగ్రీలకు దిగుతుంది. చలికి బిగిసి ఎండకు సడలేది లోహం కాదు, లోపలి జిడ్డు అని తోచింది. (ఆ పిల్ల తల్లి కొబ్బరినూనె పోద్దామన్నది. అది సుమారు 24 డిగ్రీలకే గడ్డకట్టే పదార్థం. వద్దన్నాను.)

లివరు షిమానో వారిది. ఆ సంస్థ 1921లో జపానులో సకాయి పట్టణాన పుట్టింది. కత్తులకూ తుపాకులకూ పేరుపడిన కమ్మరుల ఊరది. లివరు లోపల పళ్ళచక్రం ఒకటి, దానిని పట్టి ఆపే చిన్న కొక్కెం ఒకటి, ఆ కొక్కేన్ని పంటి మీదికి నెట్టే వెంట్రుకవంటి స్ప్రింగు ఒకటి ఉంటాయి. ఫ్రీవీలులో ఇటువంటి కొక్కేన్నే మన మెకానిక్కులు "కుత్తా" అంటారు. పట్టు విడువదని కాబోలు, పండితులెవరూ ఇంత చక్కని పేరు పెట్టలేరు. ఏళ్ళు గడిచేసరికి గ్రీజులోని నూనె పోయి బంకలాంటి ముద్ద మిగులుతుంది. కుత్తా దానిలో కూరుకుపోతుంది, స్ప్రింగు బలం చాలదు. కదలడానికి పెట్టిందే కట్టివేసిందన్నమాట.

తీగ వదులయ్యేలా చిన్న చక్రం మీదికి గొలుసు దింపి, తీగను వెనుక విప్పి, లివరును హ్యాండిలు నుండి తీశాను. పై మూత రెండు మరలతో వచ్చింది. నడిమి మరను మాత్రం ముట్టరాదు. అది విప్పితే స్ప్రింగులు ఎగిరిపోతాయి, తిరిగి కూర్చడం మనవంటివారి పని కాదు. హార్డువేరు దుకాణంలో డబ్ల్యూడీ-40 డబ్బా కొన్నాను. 1953లో అమెరికాలో నలభయ్యవ ప్రయత్నంలో కుదిరినందున ఆ పేరట. సన్నని గొట్టంతో లోపలికి కొట్టడం, లివరును టకటకలాడించడం, పాత పళ్ళ బ్రష్షుతో తోమడం, కారిన గోధుమరంగు మురికిని గుడ్డతో అద్దడం, మళ్ళీ కొట్టడం. అయిదారు విడతల దాకా ఏ మార్పూ లేదు. ఏడవసారి కాబోలు, "టిక్" అన్నది.

అక్కడితో ఆపకూడదు. ఆ ద్రవం జిడ్డును కరిగిస్తుందే కాని ఎక్కువకాలం నిలిచే కందెన కాదు. రాత్రంతా ఆరనిచ్చి, కుట్టుమిషను నూనె రెండు చుక్కలు కుత్తా మొదట వేశాను. రుద్దుకునే రేకుల మధ్య పలుచని గ్రీజు పుల్లతో అద్దాను. బండి ఇరుసుకు పెట్టినట్టు దిట్టంగా పెడితే వచ్చే చలికాలానికి మళ్ళీ ఇదే కథ.

తెల్లవారి అయిదున్నరకు, మంచు పడుతుండగా, పరీక్షించాము. ఏడు గేర్లూ ఒకదాని తరువాత ఒకటి పడ్డాయి. వాళ్ళ నాన్న తాను స్వయంగా గడప ముందు నిలబడి పది సార్లు నొక్కి చూసుకున్నాడు. ఏమీ అనకుండా సైకిలును కూతురి చేతికిచ్చాడు.

ముందు గేర్ల లివరు ఎడమవైపుది. అదీ కొంచెం బిగుసుగానే ఉంది. సంక్రాంతి సెలవులలో విప్పుదామన్నాను. ఈసారి బ్రష్షు తన చేతికివ్వాలని ఆ పిల్ల షరతు పెట్టింది.