పాకం పట్టే తీరిక లేని తల్లికి



డిసెంబర్ వచ్చిందంటే మా ఊళ్ళో రెండు పనులు ఒకేసారి మీద పడతాయి. ఒకటి పత్తి తీత, రెండోది క్రిస్మస్. ఉదయం ఆరింటికల్లా కూలీల ఆటో వీధి చివర నిలబడి హారన్ కొడుతుంది. అదే నెలలో ఇంటికి సున్నం వేయాలి, పిల్లలకు బట్టలు కుట్టించాలి, గుమ్మానికి నక్షత్రం కట్టాలి, పిండివంటలు వండాలి. చేలో పనికీ ఇంట్లో పనికీ చాలా ఇళ్ళల్లో ఉన్నది ఒక్క మనిషే. ఆ మనిషి ఇంటి తల్లి. ఈ వారం ఆమె గురించి, ఆమె పిల్లలకు చేసిపెట్టే తీపి గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

మన పండగ తీపి అంటే ముందు అరిసెలే గుర్తొస్తాయి. అరిసె తినడం నిమిషం పని. వండడం రెండు రోజుల పని. బియ్యం ముందు రోజే నానబెట్టాలి. నీళ్ళు వార్చి, తడి ఆరకముందే దంచాలి, లేదా మరకు పట్టుకెళ్ళాలి. పిండి జల్లించి ఆరిపోకుండా మూతపెట్టాలి. బెల్లం పాకం పట్టి, పళ్ళెంలో నీళ్ళు పోసి చుక్క వేసి చూడాలి. ఉండ కట్టిందా లేదా అని పొయ్యి ముందే నిలబడాలి. పాకం ముదిరితే అరిసె గట్టిపడుతుంది, లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది. ఒకరు ఒత్తాలి, ఒకరు వేయించాలి, ఒకరు చెక్కల మధ్య పెట్టి నూనె పిండాలి. అంటే ఇది ముగ్గురు ఆడవాళ్ళ వంట. అత్తా, తోడికోడళ్ళూ, ఇరుగుపొరుగూ ఒకరింటికి ఒకరు వెళ్ళి సాయం పట్టే రోజుల్లో పుట్టిన వంట. ఇప్పుడు ఆ ముగ్గురూ మూడు చేలల్లో పత్తి తీస్తున్నారు.

మా ఇంటావిడ బట్టలు కుడుతుంది. డిసెంబర్‌లో జాకెట్లు గుట్టగా వచ్చిపడతాయి. క్రిస్మస్ అవగానే సంక్రాంతి బట్టలు మొదలు. రాత్రి పన్నెండింటిదాకా మిషన్ చప్పుడు వింటూ మా పిల్లలు నిద్రపోతారు. రెండేళ్ళ కిందట పండక్కి గులాబ్ జామ్ పొడి ప్యాకెట్లు తెప్పించి, గంటన్నరలో పెద్ద గిన్నెడు చేసి, ఆరాధన తర్వాత అందరికీ పంచింది. వరసలో ఉన్న ఒక మామ్మ నోట్లో వేసుకుని, "అమ్మగారూ, మీరు కూడా ప్యాకెట్ పిండేనా?" అంది. "పిండి ప్యాకెట్‌దే మామ్మా, పాకం మాత్రం నాదే. ఇంకోటి వేసుకో" అంది మా ఆవిడ. మామ్మ రెండు వేసుకుంది.

నవ్వుకునే మాటే. కానీ ఆ మాట వెనకాల ఒక బరువుంది. అది అందరూ నవ్వి దించుకోలేరు.

మా సంఘంలో ఒక చెల్లెమ్మ ఉంది. భర్త ఊళ్ళో ఉండడు, పని ఉన్నచోటికి వెళ్ళి వస్తుంటాడు. ఇద్దరు పిల్లలు. నిరుడు క్రిస్మస్ ముందు మూడు వారాలు ఆమె ఆదివారం ఆరాధనకు రాలేదు. జబ్బేమో అని మేమిద్దరం వెళ్ళాం. జబ్బేమీ లేదు. మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి, చాలాసేపు అటూ ఇటూ తిరిగి చివరికి చెప్పింది. "అందరూ పళ్ళేల్లో అరిసెలు తెస్తారు అయ్యగారూ. ఈ ఏడు నేను వండలేను. చేతులు చూడండి." ఎండిన పత్తికాయ డొక్కలు గీరుకుని వేళ్ళ చివర్లు పగిలి ఉన్నాయి. ఆ వేళ్ళతో వేడి పాకం పిండి ఎలా కలుపుతుంది?

ఆ చేతులు చూడగానే నాకు మా అమ్మ చేతులు గుర్తొచ్చాయి. అమ్మ పొగాకు గ్రేడింగ్‌కు వెళ్ళేది. పొగాకు జిగురు చేతికి అంటుకుంటే ఒక పట్టాన వదలదు. సబ్బుతో రుద్దినా అన్నం ముద్ద చేదుగానే తగులుతుంది. సాయంత్రం ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చునేది. నేను పక్కన చేరి ఏదైనా తీపి పెట్టమని గొడవ చేసేవాణ్ణి. అటుకుల డబ్బా, బెల్లం ముక్క, ఉంటే కొబ్బరి చిప్ప నా ముందు పెట్టి, "నా చేతులు చేదురా, నువ్వే కలుపు" అనేది. నేను బెల్లం చితక్కొట్టి, అటుకులు గుప్పెడు నీళ్ళతో తడిపి, కొబ్బరి తురిమి కలిపేవాణ్ణి. ముందు ఆమె నోట్లో పెట్టి, తర్వాత నేను తినేవాణ్ణి. ఎక్కువ బెల్లం వేస్తే, "రేపటికి ఉంచలేదేంరా" అనేది. పొయ్యి వెలిగించే పని లేదు, ఐదు నిమిషాల పని. అరిసెలు మా ఇంట్లో ఏడాదికి ఒక్కసారే. అటుకులు మాత్రం ఎన్ని సాయంత్రాలో.

అమ్మకు ఆ రోజు ఒంట్లో మిగిలిన ఓపిక కొంచెమే. దాన్ని పొయ్యికి ఇవ్వకుండా నాకు ఇచ్చింది. దగ్గరదారి అనేది ఇందుకోసమైతే అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదని నా నమ్మకం.

వాక్యంలో కూడా ఇలాంటి ఏర్పాటు ఒకటి కనిపిస్తుంది. నిర్గమకాండము 16వ అధ్యాయంలో మన్నా సంగతి మనందరికీ తెలుసు. ఏ రోజుకారోజు ఏరుకోవాలి. మర్నాటికి దాచినవాళ్ళకు పురుగు పట్టింది. కానీ ఆరో రోజున మాత్రం రెండింతలు ఏరుకొని, కాల్చేది కాల్చుకుని, వండేది వండుకుని, మిగిలింది ఏడో రోజుకు ఉంచుకోమన్నారు. ఆ రోజు దాచింది పాడవలేదు. ఈ భాగం మీద ప్రసంగం చేసేటప్పుడు మనం ఎక్కువగా విశ్వాసం గురించి చెబుతాం. ఆ గుడారాల్లో వంట చేసిన చేతుల వైపు నుంచి కూడా ఒకసారి చదవండి. ఏడో రోజున పొయ్యి దగ్గర ఎవరూ నిలబడనక్కర్లేదు. విశ్రాంతి దినం వంట చేసేవాళ్ళకు కూడా విశ్రాంతే కావాలని దేవుడు ముందు రోజే లెక్క చూసి ఏర్పాటు చేశాడు. పైగా ఆ మన్నా తేనె కలిపిన రొట్టెలా తియ్యగా ఉండేదని అక్కడే రాసి ఉంది.

ఇక రెండోవైపు కూడా చెప్పాలి. దగ్గరదారులన్నీ ఒక్కచోటికి చేర్చవు.

అదే చెల్లెమ్మ ఇంకో సంగతి చెప్పింది. పొద్దున్నే ఆటో ఎక్కేముందు చిన్నవాడు ఏడుస్తుంటే చేతిలో పది రూపాయలు పెట్టి వెళ్ళేదట. వాడు కొట్లో చాక్లెట్లో, రంగునీళ్ళ సీసానో కొనుక్కుని ఏడుపు ఆపేవాడు. మరి ఆమె ఏం చేస్తుంది? ఆటో ఆగదు, కూలి పోగొట్టుకోలేదు. ఇలా కొన్ని నెలలు గడిచాయి. ఒక ఆదివారం ఆమె ఇంట్లోనే ఉంది. "నాన్నా, ఇలా రా, నా దగ్గర కూర్చో" అని పిలిస్తే వాడు వచ్చి చెయ్యి చాపి పది రూపాయలు అడిగాడట. "నేను ఇంట్లో ఉన్నా పది రూపాయలే అడుగుతున్నాడు అయ్యగారూ" అని ఆమె కళ్ళు తుడుచుకుంది. వాడి ముందుపళ్ళు రెండు అప్పటికే నల్లబడ్డాయి.

అటుకులు, బెల్లం కూడా దగ్గరదారే. పది రూపాయల నోటు కూడా దగ్గరదారే. మొదటిది పని తగ్గించి తల్లిని బిడ్డ పక్కన కూర్చోబెట్టింది. రెండోది తల్లి కూర్చోవలసిన చోట తీపిని కూర్చోబెట్టింది. తప్పు ఆ తల్లిది కాదు, ఆమెకు ఇంకో దారి ఎవరూ చూపించలేదు. కాబట్టి ఆ రోజు ప్రార్థన చేసి లేచి రాలేదు. మా ఇంటావిడ కొంగు బిగించి, "పల్లీలున్నాయా?" అని అడిగింది.

మీలో అవసరమైనవాళ్ళ కోసం ఆ లెక్క రాస్తున్నాను. రెండు గ్లాసుల పల్లీలు సన్నసెగ మీద వేయించి, చల్లారాక పొట్టు నలిపి చేటలో చెరగండి. మిక్సీలో బరకగా తిప్పి, ఒక గ్లాసు బెల్లం తురుము వేసి మళ్ళీ తిప్పండి. పల్లీల్లో నూనె ఉంటుంది కాబట్టి పాకం అక్కర్లేదు, నెయ్యి కూడా అక్కర్లేదు. వేడి ఉండదు కాబట్టి ఉండలు పిల్లలే చుడతారు. ఆదివారం సాయంత్రం చేసి డబ్బాలో పెడితే వారమంతా రోజుకు ఒక్కో ఉండ వస్తుంది. ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లో మధ్యాహ్న భోజనంతో 2020 నుంచి చిక్కీ ఇవ్వడం మొదలుపెట్టారు. అదీ ఈ పల్లీలూ బెల్లమే కదా.

క్రిస్మస్ పళ్ళెం కోసం ఆ పిల్లలతోనే కుక్కర్ కేకు చేయించింది. బిస్కెట్లు పొడికొట్టి, పాలు పోసి జారుగా కలిపి, చివర్లో ఈనో చిన్న ప్యాకెట్ వేసి, నెయ్యి రాసిన గిన్నెలో పోయాలి. కుక్కర్ అడుగున ఉప్పు పరిచి, స్టాండ్ మీద గిన్నె పెట్టి, రబ్బరూ విజిలూ తీసేసి మూతపెట్టాలి. సన్నసెగ మీద దాదాపు ముప్పావుగంట. శుభ్రమైన పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు. బిస్కెట్‌లోనే తీపి ఉంటుంది కాబట్టి పంచదార వేయలేదు.

తీపి విషయంలో కొలత కూడా అవసరం. మనం విడిగా కలుపుకునే చక్కెరల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తం ఆహారంలో 10 శాతం దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిదంది. అంటే పెద్దవాళ్ళకు రోజుకు సుమారు 25 గ్రాములు, ఆరు చెంచాలు. పిల్లలకు అంతకంటే తక్కువే. బెల్లం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. తేనె మంచిదే కానీ తగినంతే తినమని సామెతల గ్రంథం ఏనాడో హెచ్చరించింది.

ఇప్పుడు సహోదరులతో ఒక మాట. యోహాను సువార్త 21వ అధ్యాయంలో శిష్యులు రాత్రంతా వల వేసి, ఒళ్ళు అలిసి ఒడ్డుకు వస్తారు. వచ్చేసరికి నిప్పులున్నాయి, వాటి మీద చేపలున్నాయి, రొట్టె ఉంది. మరణాన్ని గెలిచి లేచిన ప్రభువు, అలిసిపోయినవాళ్ళ కోసం పొయ్యి సిద్ధం చేసి ఉంచాడు. ఆ పని ఆయనకు చిన్నతనం అనిపించలేదు. చేను నుంచి వచ్చిన భార్యకు గ్లాసు టీ పెట్టడం మనకెందుకు చిన్నతనం కావాలి? పల్లీలు వేయించడానికి, పొట్టు చెరగడానికి మగ చేతులు పనికిరావని ఏ వాక్యంలోనూ లేదు.

సంఘానికి కూడా ఒక మనవి. పండగ రోజు ఎవరి పళ్ళెంలో ఏముందో చూసి లెక్కకట్టే అలవాటు మానుకుందాం. అరిసెలు వండగలిగినవాళ్ళు సంతోషంగా వండండి, ఆ పాకం విద్య పోకూడదు. వీలైతే ఒక సాయంత్రం మందిరం వరండాలో పొయ్యి పెట్టి అందరం కలిసి వండుదాం. ముగ్గురి వంటను ఒక్కామె మీద వేయకుండా ఉందాం.

ఆ చెల్లెమ్మ క్రిస్మస్ ఆరాధనకు వచ్చింది. కేకు ఒకవైపు కొంచెం మాడింది. చిన్నవాడు పళ్ళెం పట్టుకుని వరసంతా తిరిగి, "నేనే కలిపాను" అని ప్రతి ఒక్కరికీ చెప్పాడు. ఆ ఉదయం వాడు ఎవరినీ పది రూపాయలు అడగలేదు.

పనిచేసి పగిలిన ప్రతి తల్లి చేతులనూ ప్రభువు దీవించును గాక. ఆమెన్.