రెండో ప్రయాణం

మనవాళ్లకి 'మొదటి' అనే మాటంటే మహా ముచ్చట. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి. మొదటి సంక్రాంతికి అల్లుడు రావాలి. పిల్లాడి మొదటి పుట్టినరోజుకి ఊరందర్నీ పిలవాలి. రెండోదానికి వచ్చేసరికి, "ఆఁ, ఇంట్లోనే కాస్త పాయసం చేసి కానిచ్చేద్దాం" అంటారు.

నా మొదటి నవల అచ్చయినప్పుడు మావారు ఆఫీసులో స్వీట్లు పంచారు. రెండో నవల వచ్చాక పక్కింటావిడ, పాపం మంచి మనసుతోనే, "ఇంకా రాస్తూనే ఉన్నారా?" అని పరామర్శించింది. అదేదో మందులకి లొంగని దగ్గయినట్టు!

ఈ రెండోసారి సంగతి తలపుకొచ్చినప్పుడల్లా నాకు రష్యాకి చెందిన ఒకావిడ గుర్తొస్తుంది. రోదసిలోకి వెళ్లిన మొదటి స్త్రీ ఎవరంటే మన పిల్లలు ఠక్కున వాలెంటీనా తెరిష్కోవా అని చెప్పేస్తారు. మరి రెండో స్త్రీ ఎవరూ అంటే తెల్లమొహం వేస్తారు. ఆ రెండో ఆవిడ పేరు స్వెత్లానా సవిత్స్కయా. రోదసిలోకి రెండుసార్లు వెళ్లిన మొట్టమొదటి స్త్రీ కూడా ఈవిడే.

తెరిష్కోవా 1963 జూన్‌లో వెళ్లి, భూమి చుట్టూ 48 ప్రదక్షిణలు చేసి వచ్చింది. ప్రపంచమంతా పూలు చల్లింది. ఆవిడతోపాటు శిక్షణ పొందిన ఆడవాళ్లు మరో నలుగురున్నారు. వాళ్లలో ఒక్కరికైనా రాకెట్ ఎక్కే యోగం పట్టలేదు. 1969లో ఆ జట్టునే రద్దు చేసేశారు. ఆడది వెళ్లగలదని లోకానికి చూపించడం అయిపోయింది, ఇంకెందుకు? ఆ తర్వాత పందొమ్మిదేళ్లపాటు ఏ దేశం నుంచీ ఏ ఆడదీ పైకి వెళ్లలేదు.

1978లో అమెరికావాళ్లు తమ వ్యోమగాముల జట్టులోకి ఆరుగురు ఆడవాళ్లని తీసుకున్నారు. అంతే, సోవియట్ వాళ్లకీ ఆడవాళ్లు గుర్తొచ్చారు. పక్కింట్లో ఫ్రిజ్ కొన్నారంటే మనింట్లో చర్చ మొదలవుతుంది చూడండి, అలాగన్నమాట. 1980లో వాళ్లూ మళ్లీ ఆడవాళ్లని ఎంపిక చేశారు. అందులో సవిత్స్కయా ఒకరు.

ఈవిడ 1948లో మాస్కోలో పుట్టింది. తండ్రి రెండో ప్రపంచయుద్ధంలో పేరుమోసిన యుద్ధవిమాన చోదకుడు, ఆ తర్వాత ఎయిర్ మార్షల్. "ఇంకేం, నాన్నగారి పలుకుబడి" అని మీరు అనబోతున్నారు కదూ? కాస్త ఆగండి. పదహారేళ్లప్పుడు ఈ పిల్ల ఇంట్లో చెప్పకుండా పారాషూట్‌తో దూకడం నేర్చుకుంది. స్కూలు సంచీలో పారాషూట్ వాళ్లు వాడే కత్తి కనబడేదాకా తండ్రికే తెలియదు. మనమైతే ఆడపిల్ల పుస్తకాల సంచీలో ఏ ప్రేమలేఖ దొరుకుతుందోనని హడిలిపోతాం. ఆయనకి దొరికింది కత్తి! అయినా తిట్టకుండా ప్రోత్సహించాడు, మహానుభావుడు.

ఇరవై ఏళ్లయినా నిండకముందే 14 కిలోమీటర్లకి పైనుంచి దూకి రికార్డు నెలకొల్పింది. 1970లో ఇంగ్లండులో జరిగిన విమాన విన్యాసాల ప్రపంచ పోటీల్లో మహిళల విభాగంలో ఛాంపియన్ అయింది. 1975లో మిగ్ విమానాన్ని గంటకి 2,683 కిలోమీటర్ల వేగంతో నడిపింది. కొత్త విమానాలని పరీక్షించే టెస్ట్ పైలట్ ఉద్యోగం చేసింది. నాన్నగారి పలుకుబడి తలుపు తీయించగలదేమో గాని, 14 కిలోమీటర్ల ఎత్తునుంచి మన బదులు దూకదు కదా!

ఇంతటి మనిషి 1982 ఆగస్టులో, లియొనీద్ పొపోవ్, అలెగ్జాందర్ సెరెబ్రోవ్‌లతో కలిసి సోయుజ్ టి-7లో బయల్దేరి సల్యూత్-7 అనే రోదసి కేంద్రానికి చేరుకుంది. అక్కడ బెరెజొవోయ్, లెబెదెవ్ అనే ఇద్దరు మగవాళ్లు అప్పటికే మూడునెలలుగా కాపురం ఉంటున్నారు. తలుపు తెరిచి లోపలికి రాగానే లెబెదెవ్ ఆవిడతో ఏమన్నాడో తెలుసా? నీకోసం ఏప్రన్ సిద్ధంగా ఉంచాం, వంటగది కూడా ఉంది, ఇక నీ పని అక్కడే అని హాస్యమాడాడు!

మనకి ఏప్రన్లు లేవు, కొంగుంది. మనం ఎవరింటికైనా చుట్టపుచూపుగా వెళ్లినా, మగవాళ్లు సావిట్లో కూర్చుని పేపరు అందుకుంటారు, మనం కొంగు నడుముకి దోపుకుని వంటింట్లోకి నడుస్తాం. ఇక్కడైతే సరే, భూమిని వదిలి అన్ని వందల కిలోమీటర్లు పైకి వెళ్లినా ఆ వంటిల్లు ముందుగా వెళ్లి కూర్చుందే! ఆ పెద్దమనిషి దురుద్దేశంతో అన్నాడని నేననుకోను. దురుద్దేశం లేకుండా అన్నమాటలకే మనం ఎక్కువ తడబడతాం, జవాబు చెబితే గయ్యాళి అంటారని. ఈవిడ ఏప్రన్ కట్టుకోవడానికి వెళ్లలేదు. వారంరోజులు తన ప్రయోగాలు తాను చేసుకుని, ఆగస్టు 27న కిందికి దిగింది.

ఇక్కడితో ఆగిపోతే ఈవిడ గురించి రాయడానికి నాకేం ఉండేది కాదు. కానీ ఆవిడ రెండోసారి బయల్దేరింది.

నా స్నేహితురాలు ఒకామె ఉద్యోగంలో చేరినరోజు వాళ్ల అత్తగారే వీధంతా మిఠాయిలు పంచారు. బిడ్డ పుట్టాక మళ్లీ వెళ్తానంటే, ఆ అత్తగారే, "ఒకసారి చేశావుగా అమ్మా, సరదా తీరిందిగా" అన్నారు. చూశారా? మొదటిసారి వెళ్తే అది సరదా, ఇంటికి ముచ్చట. రెండోసారి వెళ్తానంటే అది నిజంగా ఉద్యోగం అయిపోతుంది. ఇంట్లో పొయ్యి, పాలడబ్బా, నిద్రవేళలు అన్నీ సర్దుబాటు చేసుకోవాల్సి వస్తుంది. అందుకే మొదటిదానికి దండలు, రెండోదానికి ప్రశ్నలు.

1984 జూలై 17న సవిత్స్కయా మళ్లీ సల్యూత్-7కే వెళ్లింది. ఆ ఇంటితో మనకీ చుట్టరికం ఉందండోయ్. మన రాకేశ్ శర్మ ఆ ఏప్రిల్‌లో వెళ్లివచ్చింది అక్కడికే. ఆయనకి ఆతిథ్యమిచ్చిన కిజిమ్, సొలొవ్యోవ్, డాక్టర్ అత్కోవ్ ముగ్గురూ ఈవిడ వెళ్లేనాటికీ అక్కడే ఉన్నారు.

జూలై 25న కమాండర్ జానిబెకోవ్‌తో కలిసి ఆవిడ స్టేషన్ బయటికి వచ్చింది. అలా రోదసిలో బయటికి వచ్చిన స్త్రీ అంతకుముందు లేదు. షికారుకి రాలేదు. చేతిలో ఎలక్ట్రాన్ల ధారతో లోహాన్ని కరిగించే పరికరం ఉంది. మూడున్నర గంటలపాటు ఆ ఇద్దరూ వంతులవారీగా లోహపు రేకుల్ని కోశారు, అతికారు, వెల్డింగు చేశారు. మన వీధి చివర షాపులో నిప్పురవ్వలు రాలుతుంటే చీర సర్దుకుని దూరంగా పోతామా, అక్కడ ఒక్క చుక్క సూటుమీద పడితే ప్రాణానికే ముప్పు. పైగా గాలి నింపిన ఆ సూటులో చేతితొడుగులు బిగుసుకుపోయి ఉంటాయి, వేళ్లు ముడవడమే కష్టం. రెండేళ్లకిందట ఏప్రన్ చూపించిన ఇంటి గోడ పక్కనే నిలబడి ఆ చేతులు చేసిన పని అది.

ఇక్కడో నిజం చెప్పుకోవాలి. ఆ రెండో ప్రయాణం కూడా ప్రభుత్వానికి ఇంకో 'మొదటి' కోసమే కావలసివచ్చింది. అమెరికావాళ్ల క్యాథరిన్ సల్లివాన్ ఆ అక్టోబరులో రోదసిలో బయటికి రావలసి ఉంది. అంతకుముందే ముగించెయ్యాలి. కారణం ఎవరిదైతేనేం, పని మాత్రం ఆవిడది.

మూడోసారి కూడా వెళ్లవలసింది. కమాండర్‌గా సవిత్స్కయా, జతగా ఇంజనీరు యెకతెరీనా ఇవనోవా, డాక్టరు యెలెనా దోబ్రొక్వాషినా, ముగ్గురూ ఆడవాళ్లే. అంతలో 1985 ఫిబ్రవరిలో సల్యూత్-7 మూగబోయింది. జూన్‌లో జానిబెకోవ్, సవినిఖ్ వెళ్లి, చలికి గడ్డకట్టిన ఆ స్టేషన్‌కి ప్రాణం పోశారు. నవంబరులో అక్కడి కమాండర్‌కి జబ్బుచేసి అందరూ అర్ధంతరంగా దిగిపోయారు. ఆడవాళ్ల ప్రయాణం వాయిదా పడింది, తర్వాత రద్దయింది. మిగతా ఇద్దరూ ఎన్నడూ రోదసి చూడలేదు. వాళ్ల పేర్లు క్విజ్ పుస్తకాల్లో ఉండవు.

1986లో సవిత్స్కయాకి కొడుకు పుట్టాడు. 1993లో ఆవిడ వ్యోమగామి ఉద్యోగం నుంచి తప్పుకుంది. తర్వాత పార్లమెంటు సభ్యురాలయింది. పదమూడేళ్ల ఆ ఉద్యోగంలో రోదసిలో గడిపింది మొత్తం కలిపి ఇరవై రోజులకి కాస్త తక్కువ. మిగిలినదంతా సాధన, నిరీక్షణ. ఆవిడ తర్వాత రష్యా నుంచి యెలెనా కొందకోవా వెళ్లడానికి 1994 రావలసివచ్చింది. ఆ తర్వాత యెలెనా సెరోవా వెళ్లింది 2014లో.

శుభమా అని ఆడపిల్ల మొదటిసారి గడప దాటేటప్పుడు ఎదురు రావడానికి వీధివీధంతా సిద్ధంగా ఉంటుంది. బొట్టుపెట్టేవాళ్లు, హారతిచ్చేవాళ్లు, ఫొటో తీసేవాళ్లు! బిడ్డని ఎవరికో అప్పగించి, గుండె రాయి చేసుకుని, ఆ పిల్లే రెండోసారి గడప దాటుతుంటే వీధి ఖాళీగా ఉంటుంది. అసలు మనిషి తోడు కావలసింది అప్పుడే. ఎవరో ఒకరు ఎదురు వస్తే బాగుండును. ఆ ఒక్కరూ అత్తగారైతే మరీ బాగుండును.