ఫ్యూచర్ స్కోప్

మన కాలేజీలో ఏ ప్రాజెక్ట్ రిపోర్ట్ తెరిచినా చివర్లో ఒక చాప్టర్ తప్పకుండా ఉంటుంది. దాని పేరు ఫ్యూచర్ స్కోప్. చేయాల్సినవి, చేయలేకపోయినవి, రేపు చేద్దాంలే అని పడుకున్నవి, అన్నీ మర్యాదగా అందులోకి వెళ్లిపోతాయి. వైవాలో సార్ "ఇది ఎందుకు లేదు?" అంటే "ఫ్యూచర్ స్కోప్‌లో పెట్టాం సార్" అంటాం. సార్ కూడా తలూపేస్తారు. బహుశా ఆయన చదువుకున్నప్పటి రిపోర్ట్‌లోనూ ఆ చాప్టర్ ఉండే ఉంటుంది.

ఆ చాప్టర్ గురించి నన్ను కూర్చోబెట్టి ఆలోచింపజేసింది ఏ సబ్జెక్టూ కాదు, ఒక గేమ్. సివిలైజేషన్ 5.

ఆడని వాళ్ల కోసం రెండు ముక్కలు. క్రీస్తుపూర్వం 4000లో ఒక్క ఊరితో మొదలుపెడతాం. పొలాలు, రోడ్లు, సైన్యం, సైన్సు అన్నీ చూసుకుంటూ అంతరిక్షం దాకా వెళ్లొచ్చు. ఒకరి వంతు తర్వాత ఒకరి వంతు. "ఇంకొక్క టర్న్ ఆడి పడుకుంటా" అనుకుంటాం, ఈలోపు మెస్‌లో ఇడ్లీ వాసన వస్తుంది. 2010లో వచ్చిన గేమ్ కాబట్టి మన లాప్‌టాప్‌లు కూడా మూలుగుతూనే మోస్తాయి. మరీ మోయలేకపోతే మ్యాప్‌ని బల్ల మీద ఆట బోర్డులా చూపించే స్ట్రాటజిక్ వ్యూ ఒకటి ఉంది. నేను ఎక్కువగా బతికింది అందులోనే.

నా దగ్గర ఒరిజినల్ గేమ్ ఒక్కటే ఉండేది. మా రూమ్మేట్ సేల్‌లో రెండు ఎక్స్‌పాన్షన్లతో సహా కొన్నాడు. 2012లో వచ్చిన గాడ్స్ అండ్ కింగ్స్ ఒకటి, 2013లో వచ్చిన బ్రేవ్ న్యూ వరల్డ్ ఇంకోటి. వాడు ఎప్పుడూ గాంధీతో, అంటే ఇండియాతోనే ఆడతాడు. ఊళ్లు పెరిగేకొద్దీ ఇండియాకి అసంతృప్తి రెట్టింపు, జనాభా వల్ల వచ్చే అసంతృప్తి మాత్రం సగమే. అందుకని నాలుగే నాలుగు ఊళ్లు కట్టి, వాటిల్లో జనాన్ని కిక్కిరిసేలా పెంచుతాడు. మన హాస్టల్ రూముల్లాగే.

ఒక రాత్రి నా స్క్రీన్ చూసి అన్నాడు. "నువ్వాడేది సగం గేమే మామా. మిగతా సగం దాచుకుని తర్వాత అమ్మారు. ఎక్స్‌పాన్షన్‌లో ఉన్నదంతా మొదటి రోజే ఇవ్వాల్సింది."

నాకు రోషం వచ్చింది. డబ్బులు పెట్టి కొన్న గేమ్ కదా. "అంతా కాదు" అన్నాను. వాడు "ఏది కాదో చెప్పు" అన్నాడు. వాడి అకౌంట్‌లో రెండు వారాలు ఆడి, పాత రఫ్ నోట్సు వెనక మూడు గడులు గీసుకున్నాను.

మొదటి గడి, బాకీ. మతం, గూఢచారులు. సివిలైజేషన్ 4లో ఈ రెండూ ఉన్నాయి. ఐదో దాంట్లో తీసేశారు. తర్వాత గాడ్స్ అండ్ కింగ్స్‌లో కొత్త బట్టలు వేసి తెచ్చారు. చేసిన తీరు బాగుందా అంటే బాగుంది. మన మతానికి ఏ నమ్మకాలు ఉండాలో మనమే ఏరుకోవచ్చు. అలాగే సైనికుడి బలం 10 పాయింట్ల నుంచి 100 పాయింట్లకి మారింది. దాంతో యుద్ధాలు రెండు దెబ్బలకే తేలిపోకుండా కాస్త ఆలోచించి ఆడేలా అయ్యాయి. కానీ ఇదంతా పాత అప్పు తీర్చడమే. అప్పు తీర్చినవాణ్ణి మెచ్చుకోవచ్చు గానీ, దానం చేశాడని అనలేం. ఈ గడిలో మా వాడిదే గెలుపు.

రెండో గడి, ఆడాక తెలిసింది. ఒరిజినల్‌లో సంస్కృతితో గెలవాలంటే పాలసీల చెట్లు ఐదు పూర్తి చేసి, చివర్లో ఒక ప్రాజెక్ట్ కట్టాలి. అంటే ఎవరి జోలికీ పోకుండా తలుపేసుకుని కూర్చుంటే చాలు. బ్రేవ్ న్యూ వరల్డ్ దీన్ని తిరగేసింది. మన రచనలు, బొమ్మలు, సంగీతం చూడ్డానికి పక్క దేశాల వాళ్లు రావాలి. మన ప్రభావం అందరి మీదా పడాలి. అంతకంటే నాకు నచ్చింది పురావస్తు తవ్వకాలు. ఎప్పుడో ఆట మొదట్లో మనం ఎక్కడ యుద్ధం చేశామో, కొన్ని వందల టర్న్‌ల తర్వాత ఆ నేల తవ్వకాల స్థలంగా బయటపడొచ్చు. మనం మర్చిపోయిన గొడవ మ్యూజియంలో వస్తువైపోతుంది. ఇది 2010లో దాచుకుని 2013లో అమ్మింది అనిపించదు నాకు. ఆట చివరి భాగం చప్పగా ఉందని జనం ఆడి ఆడి తేల్చాకే ఇలాంటివి పుడతాయి. ఈ గడి నాది.

మూడో గడి, ఎప్పటికీ తీరనిది. ఐదో గేమ్‌లో ఒక గడిలో ఒక్క సైన్యమే నిలబడాలి. మనకది చదరంగంలా బాగుంటుంది గానీ కంప్యూటర్‌కి చేత కాదు. దాని ఫిరంగులు ముందు నడుస్తాయి, కత్తులు పట్టినవాళ్లు వెనక క్యూ కడతారు. రెండు ఎక్స్‌పాన్షన్ల తర్వాత కూడా అంతే. పైగా ఎక్స్‌పాన్షన్ కొత్త చిక్కు కూడా తెచ్చింది. బ్రేవ్ న్యూ వరల్డ్‌లో మామూలు సైజు మ్యాప్ మీద ప్రతి కొత్త ఊరికీ సైన్సు ఖర్చు 5 శాతం పెరుగుతుంది. దాంతో నాలుగు ఊళ్లతో సర్దుకోవడమే తెలివైన పని అయిపోయింది. ఏ దేశం తీసుకున్నా ఆట దాదాపు ఒకేలా నడుస్తుంది. మా వాడు గాంధీని వదలకపోవడానికి ఇదీ ఒక కారణం.

కాబట్టి నా తీర్పు ఇది: ఎక్స్‌పాన్షన్లతో గేమ్ గొప్పదైంది, నిజమే. కానీ "మొదటే ఇవ్వాల్సింది" అనే మాట మొదటి గడికే చెల్లుతుంది. ఈ తీర్పు గర్వంగా చదివి వినిపించాను.

వాడు మొత్తం విని, "బాగుంది మామా. ఇప్పుడు మన ప్రాజెక్ట్ ఫ్యూచర్ స్కోప్ తియ్యి. అది కూడా మూడు గడుల్లో పెట్టు" అన్నాడు.

మా మినీ ప్రాజెక్ట్ మెస్ యాప్. రేపు తినను అనుకున్నవాళ్లు రాత్రే ఒక బటన్ నొక్కితే, ఎంతమందికి వండాలో వంటగదిలో పెట్టిన ట్యాబ్‌లో కనిపిస్తుంది. అన్నం పారబోయడం తగ్గాలని మా ఆశ. మంచి మార్కులు వచ్చాయి. నెల తిరిగేసరికి వంటగదిలో ఆ ట్యాబ్ వాడటం మానేశారు. వాళ్లకి పట్టలేదని మేము అనుకున్నాం. రిపోర్ట్ తీస్తే ఫ్యూచర్ స్కోప్‌లో మూడు పాయింట్లు ఉన్నాయి. మెషిన్ లెర్నింగ్‌తో అంచనా వేయడం. వేరే హాస్టళ్లకి విస్తరించడం. తెలుగు ఇంటర్‌ఫేస్.

మూడోదాని దగ్గర ఆగిపోయాను. మా వంట మాస్టర్‌కి ఇంగ్లీష్ చదవడం రాదు. ఆ సంగతి మాకు మొదటి రోజు నుంచీ తెలుసు. అంకెలు కనిపిస్తాయి గానీ ఏ అంకె టిఫిన్‌ది, ఏది భోజనానిది, ఏది రేపటిది అన్నది ఇంగ్లీష్‌లోనే ఉంది. మొదట్లో రోజూ రాత్రి రూమ్మేట్ వెళ్లి చదివి చెప్పేవాడు. ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ మొదలయ్యాక వెళ్లడం ఆగిపోయింది. నన్ను వెళ్లమని రెండుసార్లు అడిగాడు. నేను గేమ్‌లో ఉన్నాను. ఆ యాప్ వాడాల్సిన మనిషి చదవగలిగే భాష ఎక్స్‌పాన్షన్ ఎలా అవుతుంది? మొదటి గడి. అచ్చంగా బాకీ. పైగా తెలుగు సాహిత్య క్లబ్ మెంబర్‌ని, ఇక్కడ వ్యాసాలు రాసేవాణ్ణి!

మళ్లీ తెరిస్తే పని ఎంతో లేదు. పద్నాలుగు మాటలు. ఒక్క ఆదివారం. "బ్రేక్‌ఫాస్ట్ కౌంట్" బదులు "రేపు పొద్దున టిఫిన్ ఎంతమందికి" అని పెట్టాను. ట్యాబ్ పట్టుకుని ఇద్దరం వంటగదికి వెళ్లాం. మాస్టర్ చెయ్యి తుడుచుకుని తీసుకున్నారు. కూడబలుక్కుని పైనుంచి కింద దాకా చదివారు.

"ఇదేదో ముందే ఇయ్యొచ్చుగా బాబూ" అన్నారు.

రూమ్మేట్ నా వైపు చూశాడు. నేను సాంబారు గిన్నె వైపు చూశాను.

"అట్నే, అక్షరాలు ఇంకాస్త పెద్దవి చెయ్యండి. ఆవిరికి కళ్లజోడు మసకేస్తది" అన్నారాయన.

ఇది మాత్రం ఆయన వాడి చెప్పేదాకా మాకు తెలిసే అవకాశం లేదు. రెండో గడి. ఆ రాత్రే చేశాం.